కుదరదని ముందే చెప్పే మనిషి

మొన్న గ్యాస్ బండ రాలేదని ఫోన్ చేశాను. అవతల ఒక రికార్డు గొంతు. పాకంలో ముంచి తీసినట్టుంది. తెలుగు కావాలంటే ఒకటి నొక్కమంది, నొక్కాను. కొత్త కనెక్షనైతే ఒకటి, పాతదైతే రెండు. మనిషీ పాతే, కనెక్షనూ పాతే కనక రెండు నొక్కాను. బండ బుక్ చేసి ఉంటే ఒకటి. చేశాను. చేసినా రాకపోతే రెండు. రాలేదు. అలా వసారాలోంచి నడవలోకి, నడవలోంచి కొట్టుగదిలోకి, అక్కణ్ణించి అటక మీదికి ఎక్కించి, ఆ చీకట్లో కాసేపు వీణ వినిపించి, ఫోన్ పెట్టేసింది. వస్తుందనలేదు, రాదనలేదు.

మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమన్నారు?" అంది.

"ఏమీ అనలేదు."

"అంటే, వస్తుందా రాదా?"

ఆ ప్రశ్నతో నాకు ఒకావిడ గుర్తొచ్చారు. జగ్గయ్యపేట దగ్గర ఒక చల్లటి గదిలో, కాళ్ళకి చెప్పుల్లేకుండా, స్టూలు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నావిడ. ఆ పాకం గొంతుని ఆవిడకి అప్పజెప్పి ఉంటే సాయంత్రానికల్లా సాపు చేసేవారు. 'బండ లేదండీ' అని మొదటి మాటే పలికించేవారు దాని చేత. బండ ఎలాగూ రాదు, కానీ వీణ వినే బాధ తప్పేది.

ఆవిడ పేరు రాయను. రాస్తే, "అది లేకపోతే మీ కథ ఆగుతుందా అబ్బాయిగారూ?" అని అడుగుతారు. ఆగదు. కాబట్టి రాయను. ఇప్పుడెక్కడున్నారో కూడా నాకు తెలియదు. నన్ను అబ్బాయిగారూ అని పిలిచే నాటికి నాకు మీసాలొచ్చి, పెళ్ళై, నెత్తిన వెంట్రుకలు సెలవు చీటీ పెట్టడం మొదలైంది. ఆవిడ నాకంటే మహా అయితే నాలుగైదేళ్ళు పెద్ద. అయినా ఆ పిలుపు నాకు అతికినట్టుండేది. నా పని చూసి పిలిచేవారు, వయసు చూసి కాదు.

అవి ఎనభైల చివరి ఏళ్ళు. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. మా ఫ్యాక్టరీ పక్కనున్న వేపచెట్లు కూడా తల నెరిసినట్టు కనిపించేవి. పొద్దున్నే నందిగామలో ఎర్ర బస్సెక్కి వెళ్తుంటే, చేల మీద తేలే తెల్లటిది మంచో దుమ్మో తెలిసేది కాదు. ముట్టుకుంటే తడైతే మంచు. కాకపోతే మా జీతం.

ఆవిడదీ నందిగామే. నాన్న బడిపంతులు. రోజూ అదే బస్సు. ఎక్కబోయే ముందు కండక్టర్ని అడిగేవారు.

"ఫ్యాక్టరీ దగ్గర ఆగదా ఇది?"

"ఆగుద్దమ్మా. రోజూ ఎక్కుతా రోజూ అడుగుతారేంటండీ? అందరూ ఆగుద్దా అంటారు, మీరు ఆగదా అంటారు."

"ఆగుద్దా అంటే నా మొహం చూసి ఆగుద్ది అంటావయ్యా. ఆగదా అంటే నిజం చెప్తావు."

కండక్టరు నవ్వి టిక్కెట్టు కొట్టేవాడు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేవారు. నిద్ర కాదు. ముందురోజు చూసిన ప్రోగ్రాముని కళ్ళు మూసుకుని మళ్ళీ చదువుకోవడం. మధ్యలో ఎక్కడో కనుబొమ్మ ముడి పడేది. అక్కడ తప్పుందన్నమాట. నేను కూడా కళ్ళు మూసుకునేవాణ్ణి. నాది నిద్రే.

ఏ మాటైనా కాని దానితో మొదలుపెట్టడం ఆవిడ పద్ధతి. కేరేజీలో ఏముందని అడిగితే, "చేప లేదు, వంకాయ లేదు, పప్పండీ" అనేవారు. పెళ్ళి గురించి అడిగినవాళ్ళకి, "కాలేదండీ, చేసుకోను" అనేవారు. ఎందుకు అన్న రెండో ప్రశ్న నిలబడడానికి అందులో చోటుండేది కాదు. ఒకసారి ఫ్యాక్టరీ ఇంజనీరుగారు గృహప్రవేశానికి అందరినీ పిలిచారు. మేమంతా తప్పకుండా వస్తామన్నాం. ఆవిడ మాత్రం, "నేను రానండీ, ఆ రోజు పనుంది. నా ఆకు లెక్కలో వేసుకోకండి" అన్నారు. తప్పకుండా వస్తామన్న వాళ్ళలో సగం మందిమి వెళ్ళలేదు. మిగిలిపోయిన గంగాళం సాంబారు గురించి ఇంజనీరుగారు మమ్మల్నెవర్నీ పల్లెత్తు మాట అనలేదు. రానని చెప్పి రాని మనిషిని మాత్రం, "ఎంత పొగరో చూశారా" అన్నారు.

మా వైపు అంతే. కాదని చెప్పడం తప్పు. చెప్పకుండా కాకుండా పోవడం మర్యాద.

ఫ్యాక్టరీ మొత్తంలో ఏసీ ఉన్నది రెండు చోట్ల. ఒకటి పెద్ద మేనేజరుగారి గది, రెండోది మా కంప్యూటరు గది. ఆయనకి చెమట పట్టకూడదు, దానికి దుమ్ము పట్టకూడదు. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికెళ్తే మార్చి నెల కాస్తా మార్గశిరం అయిపోయేది. ఒక మూల మెషిను గుర్రు పెడుతూ ఉండేది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మిణుకుమనేవి. ఆ చలిలో, ఆ గుర్రులో కూర్చుంటే ఎక్కడో నీటి అడుగున ఉద్యోగం చేస్తున్నట్టుండేది. ఆవిడ ఆ గదికి ఇన్‌ఛార్జి. నేను అంతకుముందు డెస్పాచ్ సెక్షన్లో చేత్తో చీటీలు రాసేవాణ్ణి. కంప్యూటరొచ్చాక నా చేతిరాతని భరించలేకో ఏమో, కోర్సు చేయించి ఇక్కడ కూర్చోబెట్టారు.

మెషిను చేత రోజూ చేయించే పనుల్ని వరసగా రాసిపెడితే దాన్ని షెల్ స్క్రిప్టు అంటారు. షెల్ అంటే చిప్ప. ఆ సెక్షన్లో చేరాక నా చేతికి అదే వచ్చింది. మా చిప్పలన్నిట్లోకీ పెద్దది లారీల స్క్రిప్టు. పొద్దున్నే గేటు దగ్గర వచ్చిన లారీల నంబర్లు మా దగ్గరికొస్తాయి. స్క్రిప్టు ఒక్కో లారీనీ ప్రశ్నలడుగుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే లోడింగ్ చీటీ కొడుతుంది. ఏదైనా తక్కువైతే, ఫలానాది తక్కువని వేరే చీటీ కొడుతుంది. ఆ చీటీలు గేటుకి వెళ్తాయి.

దాన్ని రాసింది మెషినుతో పాటు హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు. రాసి, మెషిను పెట్టి, వెళ్ళిపోయాడు. ఆయన స్క్రిప్టుని నేను పంచాంగం చదివినట్టు చదివేవాణ్ణి. అర్థం కాకుండా, భక్తితో. ఆర్డరుందా? ఉంటే, పర్మిట్ ఉందా? ఉంటే, ఖాళీ లారీ తూకం వేశారా? వేస్తే, డీలరు పాతవాడా? ఇలా ఒక 'ఉంటే' కడుపులో ఇంకో 'ఉంటే', దాని కడుపులో మరోటి. కడుపులోకి వెళ్ళినకొద్దీ లైను ఒక మెట్టు కుడికి జరిగేది. ఆ భాషలో 'ఇఫ్' అని తెరిచిన ప్రతి తలుపునీ, అదే మాట తిరగేసి 'ఫి' అని మూయాలి. అందుకని స్క్రిప్టు చివర, జలుబు చేసిన మనిషిలాగా ఫి, ఫి, ఫి, ఫి అని ముక్కు చీదుతూ ఉండేది.

ఆవిడ బదిలీ మీద వచ్చిన కొత్తలో ఒకసారి దాన్ని తెర మీద చూశారు. లోపలి లైన్లు కుడి అంచు తాకి, పట్టక, విరిగి కింద పడుతున్నాయి.

"ఏంటండీ ఇది? జగ్గయ్యపేటలో బయల్దేరి, నందిగామ దాటి, కంచికచర్లలో తేలింది!"

"చాలా గొప్పగా రాశాడండీ ఆయన" అన్నాను.

"గొప్పగానే ఉంది. బెజవాడ పోయి కృష్ణలో దూకకముందే దీని సంగతి చూడాలి."

చూడాలనుకున్నారు గానీ జీతాల లెక్కలు, సిమెంటు బస్తాల లెక్కలు మీద పడి అది అలాగే ఉండిపోయింది. గేటు బాబాయి విషయం వచ్చేదాకా.

గేటు బాబాయి అంటే గేటు దగ్గర గుమాస్తా. డ్రైవర్లు, క్లీనర్లు, మేమూ అందరం బాబాయనే పిలిచేవాళ్ళం. మా చీటీలు చూసి, లారీల్ని లోపలికి వదలడం ఆయన పని. భుజాన తువ్వాలు, చెవి మీద పెన్సిలు. నిదానస్తుడు. ఆ మధ్య కొన్ని లారీలకి ఏ చీటీ రావడం లేదు. ఇవ్వమనే చీటీ లేదు, వద్దనే చీటీ లేదు. "మీ పేరు రాలేదయ్యా" అనేవాడు బాబాయి. ఆ డ్రైవర్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గేటు బయట ఎండలో కూర్చుని, వెనకొచ్చిన లారీలు ముందు వెళ్ళిపోతుంటే చూస్తూ ఉండేవాళ్ళు. అన్నీ చిన్న ఊళ్ళ లారీలు. చందర్లపాడు నుంచి వచ్చే డ్రైవరొకడు నోటి దురుసు మనిషి.

"కంప్యూటరు రాలేదంటదా? నీ చెయ్యి తడిస్తే వచ్చిద్దేమో బాబాయ్ మా పేరు!" అన్నాడొక రోజు అందరి ముందూ.

ఆ మాట గేటు దాటి లోపలికొచ్చింది. దానికి మాత్రం ఏ చీటీ అక్కర్లేకపోయింది. వారం తిరిగేసరికి, గేటులో మామూళ్ళు నడుస్తున్నాయని పెద్ద మేనేజరుగారి దాకా వెళ్ళింది. సోమవారం ఎంక్వైరీ అని బాబాయి చేతికి కాగితమిచ్చారు. తేలితే ఉద్యోగం పోతుంది. క్వార్టరూ పోతుంది. అంతకంటే ముందు, అందరూ బాబాయి అని పిలిచే ఆ పిలుపు పోతుంది. అప్పటికే డ్రైవర్లు కొందరు 'ఏవయ్యో గేటూ' అనడం మొదలుపెట్టారు. ఆయన ఎదురుగా ఉన్న టీకొట్లో టీ తాగడం మానేశాడు. డ్రైవర్లెవరైనా తన టీకి డబ్బులిచ్చేస్తారేమోనని, అది చూసి ఎవరేమనుకుంటారోనని. మంచినీళ్ళు కూడా ఇంటి నుంచి సీసాలో తెచ్చుకునేవాడు.

ఒక పొద్దున మా గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చెప్పులు విప్పాడు గానీ లోపలికి రాలేదు.

"అమ్మా, మీ మిషన్ని ఒక్క మాట అడిగి చెప్పండి. ఆ లారీలని నేను ఆపానా, అది ఆపిందా?"

"రండి బాబాయిగారూ, కూర్చోండి" అన్నారావిడ.

"వద్దమ్మా. మీ దగ్గర కూర్చుంటే మీకూ అంటుద్ది."

వెళ్ళిపోయాడు. ఆ రోజు చందర్లపాడు లారీకి మళ్ళీ ఏ చీటీ రాలేదు. ఆవిడ స్క్రిప్టు మొత్తం కాగితం మీద కొట్టించమన్నారు. పొడుగాటి మడతల కాగితం నా ఒళ్ళో పడేసి, స్టూలొకటి లాక్కుని గది మధ్యలో కూర్చున్నారు. కాగితం అంచున చిల్లులున్న పట్టీ చించి వేలికి చుట్టుకున్నారు. ఆలోచన మొదలైతే ఆవిడ వేళ్ళన్నిటికీ కాగితం ఉంగరాలుండేవి.

"అబ్బాయిగారూ, నేను లారీని. మీరు స్క్రిప్టు. అడగండి."

"ఏ లారీ అండీ?"

"చందర్లపాడు లారీని. చిన్న డీలరుది." కళ్ళు మూసుకున్నారు.

నేను గొంతు సవరించుకున్నాను. "ఆర్డరుందా?"

"ఉంది."

"పర్మిట్ ఉందా?"

"ఉంది. డ్రైవరు సీటు కింద, అగ్గిపెట్టెతో పాటు."

"ఖాళీ తూకం వేయించారా?"

"వేయించా. కాటా దగ్గరాయనకి దండం కూడా పెట్టా."

"డీలరు పాతవాడా?"

"కాదు. కొత్త, చిన్న."

కాగితం మీద నా వేలు కుడికి, ఇంకా కుడికి జరుగుతోంది. "ఇవాళ పెద్ద డీలరు ఆర్డరు ఇంకా మిగిలుందా?"

ఆవిడ కళ్ళు తెరవకుండానే కనుబొమ్మ ముడివేశారు. "అది నన్నడుగుతారేంటండీ? నేను లారీని. నాకెలా తెలుస్తుంది?"

"మిగిలుందనుకోండి మేడం."

"అనుకున్నా. ఇప్పుడు?"

కింద లైను చూశాను. అక్కడ అక్షరాలు లేవు. ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలున్నాయి. ఆ భాషలో అలా రెండు చుక్కలు పెడితే 'ఏమీ చేయకు' అని అర్థం. చూడ్డానికి విసర్గలా ఉంది. పలకబోతే నిట్టూర్పయింది.

"చీటీ ఇచ్చారా?" అన్నారావిడ.

"లేదండీ."

"పొమ్మన్నారా?"

"లేదండీ."

"మరి నేనిప్పుడెక్కడున్నా?"

మెషిను గుర్రు పెడుతోంది. ఏసీ గాలికి ఆవిడ వేళ్ళ కాగితం పట్టీలు అల్లల్లాడుతున్నాయి. ఆ క్షణంలో నాకు నిజంగానే గది మధ్యలో లారీ కనిపించింది. తెల్లటి దుమ్ము కప్పుకుని, ఇంజను ఆపుకుని, ఎవరో పిలుస్తారని చెవులు రిక్కించుకుని నిలబడ్డ లారీ. దాని పక్కన నీడలో బాబాయి సీసాలో నీళ్ళు తాగుతున్నాడు.

"మీరు ఎక్కడా లేరు మేడం" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచారు. "ఎవరి లాజిక్కండీ ఇది?"

"హైదరాబాదు ఇంజనీరుగారిది."

"ఆయన తనకి చెప్పింది రాసిపోయాడు. పెద్ద డీలరుది అయ్యేదాకా చిన్నవాళ్ళని ఆపమని సేల్స్ ఆఫీసు చెప్పుంటుంది. ఆపాం అని చెప్పడానికి వాళ్ళకి నోరు రాలేదు. ఇది లాజిక్కు కాదు అబ్బాయిగారూ, మొహమాటం. ఇన్ని మడతలు పెట్టింది దీన్ని దాయడానికే."

సాయంత్రం బస్సులో ఆవిడ కళ్ళు మూసుకోలేదు. రోడ్డు పక్కన మిర్చి కళ్ళాలు. నేల మీద ఎరుపు పరుచుకుని, పొద్దు వాలేకొద్దీ ఆ ఎరుపు ఆకాశంలోకి ఎక్కుతోంది. ఘాటుకి బస్సులో సగం మంది తుమ్ముతున్నారు. కళ్ళాల మధ్యలో ఆడవాళ్ళు వంగి కూర్చుని కాయలు ఏరుతున్నారు.

"మా అమ్మా వెళ్ళేది ఏరడానికి" అన్నారావిడ. "నాన్న జీతం చాలక. చిన్నప్పుడు ఒకసారి నేనూ కూర్చున్నా. ఎర్రటి మంచి కాయలు చూసి చూసి ఒక్కోటి తీసి పక్కన పెడుతున్నా. మా అమ్మ నవ్వింది. మంచికాయని ముట్టుకోకే పిచ్చిదానా, తాలు ఏరెయ్యి అంది."

తాలంటే ఎండలో రంగు పోయి తెల్లబడ్డ కాయ. అది పనికిరాదు.

"తాలు ఏరి అవతల పారేస్తే మిగిలిందంతా సరుకే. దాన్ని మళ్ళీ చూడక్కర్లేదు. మంచిని వెతుక్కుంటూ కూర్చుంటే పొద్దూ చాలదు, చేతులూ మండుతాయి."

"అంటే స్క్రిప్టు…"

"కాని వాళ్ళకి ముందే చెప్పేసి పంపెయ్యాలండీ. ఒక్కో 'లేదు'కీ ఒక్కో లైను. అంతే."

"మేడం, సేల్స్ వాళ్ళతో మనకెందుకండీ?" అన్నాను. నాకు నందిగామ, ఆ బస్సు, ఆ నిద్ర అన్నీ ఇష్టం. బదిలీలంటే భయం.

"మనకెందుకు అనేది కూడా ఒక ఇఫ్. దాన్ని మొదట్లోనే తీసి పారేశా" అని, అప్పుడు కళ్ళు మూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి స్క్రిప్టు మారిపోయింది. ఆర్డరు లేదా? లేదని చీటీ కొట్టు, బయటికి పో. పర్మిట్ లేదా? లేదని కొట్టు, పో. తూకం లేదా? కొట్టు, పో. లైన్లన్నీ కుడి అంచు వదిలేసి, వచ్చి ఎడమ అంచున నిలబడ్డాయి, ప్రేయరుకి నిలబడ్డ బడిపిల్లల్లాగా. కడుపుల్లేవు, కడుపుల్లో కడుపుల్లేవు. చీదడం బాగా తగ్గింది. అన్నిటికంటే కింద, ఏ ఇఫ్పూ లేకుండా, 'చీటీ ఇవ్వు' అని ఒక్క లైను.

"దీనికి షరతేం లేదా మేడం?"

"ఇక్కడిదాకా వచ్చినవాడికి ఇంకేం షరతండీ? వెళ్ళనివ్వండి."

"ఇంత సులువైతే మనకి జీతాలెందుకిస్తారండీ?"

"ఆ సంగతి మన మధ్యే ఉంచండి."

చీటీల మీది మాటలన్నీ ఆవిడ తెలుగులోకి మార్చారు. మెషినుకి తెలుగు అక్షరాలు రావు కనక ఇంగ్లీషు అక్షరాలతోనే. ఒక్క లైను మిగిలింది. పెద్ద డీలరు, చిన్న డీలరు లైను. దానికి ఏం మాట కొట్టాలో అడుగుదామని సేల్స్ ఆఫీసుకి ఆవిడే ఫోన్ చేశారు. అరగంటలో సేల్స్ మేనేజరుగారు స్వయంగా వచ్చారు. మా గదికి ఆయన రావడం అదే మొదలు. బూట్లు విప్పాలని తెలిసి కొంచెం నొచ్చుకున్నారు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లుంది.

"అమ్మా, మీరు తెలియనివారు కాదు. వ్యాపారంలో కొన్ని లోపలుండాలి. ఇదివరకెలా ఉందో అలాగే లోపలెక్కడో పెట్టేయండి."

"ఇప్పుడు దీనికి లోపల లేదండీ."

"అంటే?"

ఆవిడ పక్కకి జరిగి తెర చూపించారు. ఆయన వంగి చూశారు. ఎడమ వైపు అక్షరాలన్నీ బారుగా ఉన్నాయి. కుడి వైపు చూశారు, అక్కడేదో ఉండాల్సినట్టు. అటంతా నల్లగా, ఖాళీగా ఉంది.

"పోనీ, మిషన్ రిపేరు అని కొట్టించండి."

"మిషను బాగుందండీ."

"అమ్మా…"

"రూలు తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్తానండీ. ఉంచమంటే అందరూ చదివేట్టు ఉంచుతా. ఏదో ఒకటి మీరే చెప్పండి. అవతల ఒక మనిషి ఉద్యోగం ఈ రెండు చుక్కల మధ్య ఉంది."

"మీ పైవాళ్ళతో మాట్లాడాల్సి ఉంటుంది నేను."

"మాట్లాడండి. నన్ను మార్చేట్టుంటే కాస్త ముందుగా చెప్పండి, ఇల్లు వెతుక్కోవాలి."

ఆయన తెర వంక, నా వంక, తన మేజోడు వంక చూసుకున్నారు. "చూద్దాం" అని వెళ్ళిపోయారు. తీసెయ్యమనలేదు. ఉంచమనలేదు. చెప్పేదాకా రూలు రూలే కాబట్టి ఆవిడ ఆ లైను ఉంచారు. దాని మాట తనే కొట్టారు.

మర్నాడు శనివారం. పొద్దున చీటీలు నేనే గేటుకి తీసుకెళ్ళాను. నా పని కాదు, అయినా కాళ్ళు ఆగలేదు. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని కొత్త చీటీలు కూడబలుక్కుంటున్నాడు. ఇంగ్లీషు అక్షరాల తెలుగు కదా, 'లేదు'ని 'లేడు' అని చదివి, "పర్మిట్ లేడయ్యా, వచ్చాక రా" అన్నాడొక డ్రైవరుతో. చాలా రోజులకి గేటు దగ్గర నవ్వు వినిపించింది.

చందర్లపాడు డ్రైవరు తలగుడ్డ విదిలించుకుంటూ వచ్చాడు. "ఏం బాబాయ్, ఇయ్యాల గూడా మా పేరు రాలేదనేగా?"

"వచ్చిందిరా" అన్నాడు బాబాయి. చీటీ దూరంగా పెట్టుకుని, ఒక్కో మాటా పట్టి పట్టి చదివాడు. "పెద్ద డీలరు సరుకు… అయ్యేదాకా… చిన్న డీలరు లారీ ఆగాలి. సేల్స్ ఆఫీసు."

డ్రైవరు ఆ చీటీ లాక్కుని అటూ ఇటూ తిప్పాడు. "ఇన్నాళ్ళూ ఇదేనా?"

"ఇదేనంట."

"మరి చెప్పవేం?"

"నాకు తెలిస్తే గదరా చెప్పేది!" ఆ ఒక్క మాటా బాబాయి గట్టిగా అన్నాడు. అని, తువ్వాలుతో కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

డ్రైవరు చీటీ గుప్పిట్లో పట్టుకున్నాడు. "సేల్స్ ఆఫీసెటు బాబాయ్?" అన్నాడు.

బాబాయి చెయ్యి చాపి చూపించాడు. కోదాడ వైపు నుంచొచ్చిన ఇంకో డ్రైవరు, "నడువన్నా, మాది గూడ గదే కత" అంటూ లేచాడు. నీడల్లో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. తెల్లటి దుమ్ములో తెల్లటి మనుషులు చప్పుడు లేకుండా నడిచిపోతుంటే, మబ్బులు పని మీద బయల్దేరినట్టుంది.

మధ్యాహ్నం భోజనాల ముందు మా గదిలో ఫోను మోగింది. సేల్స్ మేనేజరుగారు. ఆయన వెనక బోలెడు గొంతులు.

"అమ్మా, ఆ లైను తీసేయండి."

"రూలు తీసేసినట్టేనాండీ?"

"తీసేసినట్టే, తీసేసినట్టే!"

ఆవిడ కర్సరుని ఆ లైను మీద నిలబెట్టి ఒకే అక్షరం రెండుసార్లు నొక్కారు. లైను మాయమైంది. కిందిది వచ్చి దాని చోట్లో నిలబడింది. వెనకటి స్క్రిప్టులో అయితే దాన్ని ముట్టుకోవాలంటే ఇల్లంతా పీకి పందిరేయాల్సొచ్చేది.

"అయిపోయిందా మేడం?"

"ఇది అయింది" అన్నారు.

రెండోది ఏమిటో సాయంత్రం తెలిసింది. బాబాయి మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చాడు. ఈసారీ లోపలికి రాలేదు.

"అమ్మా, సోమవారం ఎంక్వైరీకి నేను రావాలా, వద్దా? ఎవరూ చెప్పట్లేదు."

"అడిగారా బాబాయిగారూ?"

"అడిగానమ్మా. 'చూద్దాంలే' అన్నారు. 'నీకేం భయంలే' అన్నారొకరు. ఇంటికాడ అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు?"

ఆవిడ లేచారు. వేళ్ళకున్న కాగితం ఉంగరాలు ఒక్కోటీ తీసి బల్ల మీద పెట్టారు. "పదండి" అన్నారు. నేనూ వెనకే నడిచాను.

పెద్ద మేనేజరుగారు ఇంటికెళ్ళే హడావిడిలో కాగితాలు సర్దుకుంటున్నారు. బాబాయి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"సోమవారం ఎంక్వైరీ ఉందాండీ, లేదాండీ?" అన్నారావిడ.

"అదేముందమ్మా, ఇప్పుడు విషయం అందరికీ తెలిసిందిగా. ఇంక దాని గురించి ఎవరు పట్టించుకుంటారు?"

"ఉందాండీ, లేదాండీ?"

"అబ్బే, మీరు మరీను…"

"అబ్బే అంటే ఆయనకి సోమవారం దాకా నిద్ర పట్టదండీ."

పెద్ద మేనేజరుగారు కాగితాలు కింద పెట్టారు. "లేదమ్మా."

"నాతో కాదండీ. ఆయన ఇక్కడే ఉన్నారు."

ఆ గదిలో ఏసీ మా గదిలో దానికంటే మెత్తగా తిరుగుతుంది. అది కూడా ఆగి వింటున్నట్టనిపించింది. ఆయన కుర్చీలోంచి కొంచెం పక్కకి జరిగి, తలుపు వైపు చూశారు. బాబాయి తువ్వాలు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లేదయ్యా. ఎంక్వైరీ లేదు. నీ మీద ఏమీ లేదు."

బాబాయి కదల్లేదు. ఆ మాటని మనసులో ఎక్కడ పెట్టుకోవాలో చోటు వెతుక్కుంటున్నట్టు కాసేపు నేల చూశాడు.

"అయ్యా," అన్నాడు. "ఇంకొక్కసారి అనండి."

పెద్ద మేనేజరుగారు సాయం కోసం ఆవిడ వైపు చూశారు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"లేదు" అన్నారాయన, ఈసారి బయట బెంచీ మీద కూర్చున్న ప్యూనుకి కూడా వినపడేట్టు.